పోయిందన్న మాట

హనుమకొండ,
14 జూన్ 1953

ప్రియమైన చెల్లె గోదాకు,

అన్న మురళీధర్ ఆశీస్సులు. నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు రాయలేదని మూతి ముడుచుకుని కూర్చుని ఉంటావు. ఏం చేయను, ఈ నెలంతా బట్టల దుకాణం గుండయ్య ఇంటికీ మా బీమా కచేరీకీ మధ్య తిరగడంతోనే సరిపోయింది. ఆయన పోయాడు. నా దగ్గరే పాలసీ తీసుకున్నాడు, ఒక్క కిస్తీ కూడా తప్పలేదు. అయినా ఆయన భార్యకు పైసా అందలేదు. ఎందుకో తెలుసా? డబ్బు ఎవరికి చెందాలి అన్న చోట వాళ్ళ అమ్మ పేరు ఉంది. ఆ ముసలమ్మ పోయి ఎనిమిదేళ్ళు. పేరు మార్పించమని నేను చెప్పినప్పుడల్లా "చేద్దాం తీ, ఏం తొందర" అనేవాడు. ఇప్పుడు ఆ ఇల్లాలు నలుగురు పిల్లలను వెంటేసుకుని వారసత్వపు సర్టిఫికెట్ కోసం కోర్టు మెట్ల మీద కూర్చుంటోంది.

అందుకే నీకు రాస్తున్నాను. బావగారు విఠల్‌రావు ఎప్పుడో పాలసీ తీసుకున్నారని పెళ్ళిలో విన్నాను. ఆ కాగితం ఏ పెట్టెలో ఉందో నీకు తెలియాలి. నంబరు వేరే పుస్తకంలో రాసిపెట్టుకో, కాగితం చెదలు తిన్నా నంబరు ఉంటే చాలు. ఆఖరి రసీదు ఏ తేదీదో చూడు. గడువు దాటితే ముప్పై రోజులే సందు ఉంటుంది, ఆ తర్వాత పాలసీ చచ్చినట్టే. అన్నిటికంటే ముందు, ఎవరి పేరు రాసి ఉందో చూడు.

"ఆడబిడ్డకు ఉత్తరం రాస్తున్నరా, కంపెనీ ప్రచారం చేస్తున్నరా?" అని నీ వదిన విజయలక్ష్మి వెనక నుంచి నవ్వుతోంది. నవ్వనీ. చిన్నది పద్మజకు పళ్ళు వచ్చాయా?

నీ అన్న,
మురళీధర్


షాలిబండ,
2 జూలై 1953

ప్రియమైన అన్నకు,

నమస్కారాలు. పద్మజకు నాలుగు పళ్ళు వచ్చాయి. మొదటి కాటు నాదే. నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. ఊళ్ళో అందరి ఇళ్ళూ అయిపోయి మా ఇంటికి వచ్చావన్నమాట.

ఆయన ఆబ్కారీ దఫ్తరుకు వెళ్ళాక ట్రంకు పెట్టె తీశాను. కాగితం అడుగున ఎర్ర గుడ్డలో చుట్టి ఉంది. అంతా ఇంగ్లీషే. నువ్వు పలక మీద కొట్టి మరీ నేర్పిన ఏబీసీడీలు ఇన్నాళ్ళకు అక్కరకొచ్చాయి. రసీదులన్నీ వరుసగా ఉన్నాయి, ఏడాదికి ఒకటి, ఆఖరిది ఈ మార్చి నెలది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ పోతే భార్య అన్న చోట నా పేరు కనబడింది. అహల్య. సంతోషంతో గట్టిగా చదివాను కూడా. ఆ తర్వాత పైన తేదీ చూశాను. 1945. అప్పటికి నేను పరికిణీ కట్టుకుని నీతో గచ్చకాయలకు కొట్లాడుతున్నాను.

అది నేను కాదు అన్నా. పోయినామె.

నీకు గుర్తుంది కదా, పీటల మీద బియ్యం పళ్ళెంలో ఆయన ఉంగరంతో నా కొత్త పేరు రాశారు. మరాఠీ వాసన ఉన్న ఇల్లు, కోడలికి పేరు మార్చడం వాళ్ళ ఆచారమని మనకు ముందే తెలుసు. పెద్ద భార్య పేరే నాకూ పెడతారని మాత్రం ఎవరం అనుకోలేదు. మా అత్తగారు సుగుణమ్మ "ఈ ఇంటికి ఒక్కతే అహల్య" అన్నప్పుడు అమ్మ ముఖం ఎట్లా అయిందో నేను తల వంచుకునే చూశాను.

నీకు చెప్పకుండా దాచిన మాట ఒకటుంది. నవ్వకు. వంటింట్లో నుంచి "అహల్యా" అని పిలిస్తే నా కంటే ముందు ఇంకెవరో లేచినట్టు ఉంటుంది. పెరటి వైపు ఒక గది ఉంది. దానికి తాళం. గోడలకు ఏటా సున్నం వేయిస్తారు గాని తలుపు మాత్రం తీయరు. మొన్న పట్టపగలు, ఎండ మండిపోతుండగా, ఆ గది ముందు వడియాలు పెడుతుంటే లోపల గాజులు గలగలమన్నాయి. ఎలుకలో ఏమో. గూట్లో ఒక ఇత్తడి చెంబు బోర్లించి ఉంటుంది, దాన్ని పద్మజ ముట్టుకోబోతే అత్తగారు కెవ్వున అరిచారు. పక్కింటి లలితమ్మను అడిగితే "ఆమె సంగతి నన్నడగకు బిడ్డా" అని తలుపు వేసుకుంది.

నేను దయ్యాలకు భయపడే మనిషిని కానని నీకు తెలుసు. కానీ ఆమె పేరుతో పిలిపించుకుంటూ, ఆమె మొగుడికి అన్నం పెడుతూ, భయం లేదంటే అబద్ధమే అవుతుంది.

నీ చెల్లె,
గోదా (ఈ ఇంట్లో అహల్య)


హనుమకొండ,
11 జూలై 1953

ప్రియమైన గోదాకు,

ఎలుకలే. ఒక పిల్లిని పెంచు. దయ్యం సంగతి నేను చూడలేను గాని పాలసీ సంగతి చూస్తాను. అది దయ్యం కంటే భయపడాల్సిన సంగతి.

పేరు ఒకటే కదా, ఫరక్ ఏముందని నువ్వు అనుకోవచ్చు, బావగారూ అనవచ్చు. మస్తు ఫరక్ ఉంది. కాగితం మీద ఉన్నది 1945 నాటి అహల్య. ఆమె లేదు కాబట్టి ఆ చోటు ఖాళీ ఉన్నట్టే లెక్క. రేపు ఏదైనా జరిగితే నువ్వూ గుండయ్య భార్య పక్కనే కూర్చుంటావు. దీంతో ఫారం పంపుతున్నాను. బావగారు సంతకం పెట్టి నీ పేరు రాయాలి. విఠల్‌రావు భార్య అహల్య, పుట్టింటి పేరు గోదా, వయసు ఇరవై రెండు అని వివరంగా రాయించు.

ఇంకొకటి. పెద్దామె ఎప్పుడు పోయిందో తేదీ కావాలి. చట్టం అడగకపోయినా నేను అడుగుతాను, పాత పేరు ఎందుకు తీసేశామో ఫైలులో ఉంటే తర్వాత లొల్లి ఉండదు. ఇంగ్లీషు తేదీ తెలియకపోతే ఫర్వాలేదు, తిథి చెప్పమను. తద్దినం పెడతారు కదా, ఆ తిథిని బట్టి పంచాంగంలో చూసి నేనే రాసుకుంటాను.

నీ అన్న,
మురళీధర్


షాలిబండ,
30 జూలై 1953

ప్రియమైన అన్నకు,

నీ ఫారం ఇంట్లో నిప్పు పెట్టింది.

ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు మెల్లగా అడిగాను, "పెద్దామె తిథి ఎప్పుడు?" అని. అత్తగారి చేతిలో గరిటె జారి పప్పు గిన్నెలో పడింది. ఆయన ముద్ద కంచంలోనే వదిలేశారు. నువ్వు పంపిన ఫారం చూపించాను. "ఆ పేరు మార్చేది లేదు. నీకు నేను వేరేది తీసుకుంట గని, దాన్ని ముట్టకు" అన్నారు. ఎన్నడూ నా మీద గొంతు పెంచని మనిషి. తర్వాత బావి దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకోవడం చూశాను.

అప్పుడు తట్టింది నాకు. ఈ ఇంట్లో రెండేళ్ళుగా ఉన్నాను. మామగారి తద్దినం పెట్టారు, వాళ్ళ నాయనమ్మది పెట్టారు. అహల్యకు ఒక్కసారి కూడా పెట్టలేదు. పెద్దల అమావాస్యనాడు ఆమె పేరే ఎత్తలేదు. చచ్చిపోయినవాళ్ళకు ఒక తిథి ఉండాలి కదా అన్నా? తిథి లేకుండా ఎట్లా పోతారు?

ప్రతి నెలా మొదటి ఆదివారం ఆయన కాచిగూడ నుంచి పొద్దుటి రైలెక్కి ఎక్కడికో వెళ్తారు. మొక్కు అంటారు. ఈసారి మూట విప్పి చూశాను, పాపమైతే పాపం. ఒక నేత చీర, పచ్చళ్ళ సీసా, లాడ్ బజారు ఆకుపచ్చ గాజులు. పోయినవాళ్ళ పేరున ముత్తైదువలకు ఇస్తారేమో అని సర్దిచెప్పుకున్నాను. గాజులు చేతికి ఎక్కించుకుని చూశాను. నాకు వదులు. ఎవరిదో ఒక చేతి కొలతకు తెచ్చినవి అవి.

పద్మజను ఒళ్ళో పెట్టుకుని ఆ గది తలుపుకు ఎదురుగా కూర్చున్నాను. "అహల్యా" అని నేనే పిలిచాను. ఎవరూ పలకలేదు. పలికి ఉంటే బాగుండుననిపించింది.

నీ చెల్లె,
గోదా


హనుమకొండ,
8 డిసెంబరు 1953

ప్రియమైన గోదాకు,

ఎట్లా మొదలుపెట్టాలో తెలియడం లేదు. బావగారి పదమూడో రోజున నిన్ను అలా వదిలి వచ్చిన దగ్గర నుంచి అన్నం సహించడం లేదు. టైఫాయిడ్ జ్వరం, పది రోజులు, ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. బావగారు "వేరేది తీసుకుంట" అన్నది నిజమే, రెండుసార్లు నాకు ఉత్తరం రాశారు. వచ్చే నెల, వచ్చే నెల అంటూ జరిగిపోయింది. మనుషుల చేత తొందరపెట్టించి సంతకాలు చేయించే నేను ఆయన్ను తొందరపెట్టలేదు.

ఇప్పుడు జరగవలసింది చెప్తాను, జాగ్రత్తగా చదువు. ఆయన నౌకరీకి పింఛను లేదు. నీ మెడలో ఉన్నది అమ్మితే ఆరు నెలలు గడుస్తుంది. ఆ తర్వాత నువ్వు, అత్తగారు, పిల్ల ఏం తింటారు? కోర్టుకు వెళితే ఏడాదిన్నర.

దీంతో క్లెయిము ఫారం పంపుతున్నాను. కింద అహల్య అని సంతకం పెట్టు. ఇంట్లో నీ పేరు అదే. రేషన్ కార్డులో అదే. వీధి వీధంతా నిన్ను అట్లాగే పిలుస్తుంది. ఫైలు నా చేతి మీదుగానే వెళ్తుంది, ఎవరూ ఏమీ అడగరు. తిథి సంగతి మరిచిపో. పన్నెండేళ్ళ నౌకరీలో ఒక్క తప్పుడు వయసు కూడా రాయనివాడిని, నేనే నీకు ఈ మాట రాస్తున్నానంటే అర్థం చేసుకో.

ఫికర్ చేయకు. నేనున్నాను.

నీ అన్న,
మురళీధర్


షాలిబండ,
19 డిసెంబరు 1953

అన్నా,

సంతకం పెట్టాను. అలవాటైన పేరే కదా. మధ్యాహ్నం టపాలో వేద్దామని కవరు అంటిస్తుంటే పోస్టుమాన్ మైసయ్య కార్డు ఒకటి ఇచ్చిపోయాడు. ఆయన పేరున. తెలుగులో, వంకరటింకర అక్షరాలు. పూర్తిగా ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"రెండు నెలల నుంచి రాలేదు. పానం మంచిగున్నదా? డాక్టరమ్మ మల్ల అడుగుతున్నది, ఎప్పుడు తీస్కపోతరని. నాకు తొందర లేదు. అక్కడ నా పేరు మంచిగున్నదా? చిన్నదానికి నడక వచ్చిందా? అహల్య."

ఆ కార్డు తీసుకెళ్ళి అత్తగారి ముందు పెట్టాను. ఆమెకు చదువు రాదు. చదివి వినిపించాను.

"ఆమె చచ్చిపోలేదా?" అన్నాను.

"చచ్చిందని నీకెవలన్నరు? పోయింది అన్నం. పోయింది గద! ఇంట్లకెల్లి పోయింది. పెద్ద రోగం వచ్చింది దానికి. వేళ్ళు మొద్దుబారినయి, ముఖం మీద మచ్చలు లేసినయి. వాడకట్టుల తెలిస్తే నీళ్ళు గూడ పుట్టవని, దూరం దవాఖానకు తోలిచ్చినం. ఎవలడిగినా పోయిందన్నం. వాళ్ళే చచ్చిందనుకున్నరు. మేం అబద్ధం ఆడలే."

కుష్ఠు, అన్నా. ఆ గదిలో ఒక ఏడాది దాచారట, తలుపు వేసి. ఆ చెంబు ఆమెది. నాకు ఆమె పేరు పెట్టింది, పోయిందన్న మాట చేరని దూరపు చుట్టాలు ఎప్పుడైనా "అహల్య ఉన్నదా" అని అడిగితే "ఉన్నది" అని చెప్పడానికి.

ఇన్నాళ్ళూ చచ్చినామె నా వెనక తిరుగుతోందని భయపడ్డాను. బతికి ఉన్నామె వెనక నేనే తిరుగుతున్నాను. కవరు ఇంకా నా దగ్గరే ఉంది.

నీ చెల్లె


హనుమకొండ,
24 డిసెంబరు 1953

ప్రియమైన గోదాకు,

నీ ఉత్తరం కింద నీ పేరు లేదు. అది చూసి ఏడ్చాను.

పెళ్ళిచూపులనాడు నేను సుగుణమ్మ గారిని అడిగాను, "పెద్దామెకు ఏమైంది?" అని. "పోయింది" అని ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది. నేను తల వంచుకుని చాయ్ తాగాను. పాలసీ రాసేటప్పుడు ఎవరైనా "మా బాపు పోయిండు" అంటే ఊరుకుంటానా? ఎప్పుడు పోయాడు, ఏ వయసులో, ఏ జబ్బుతో, ఎవరు మందిచ్చారు, అన్నీ గుచ్చి గుచ్చి అడుగుతాను. విసుక్కుంటే కూడా వదలను. చెల్లెలి దగ్గరికి వచ్చేసరికి ఒక్కటీ అడగలేదు. నిజం చెప్తున్నాను, అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయపడ్డాను. మంచి నౌకరీ, పట్నంలో ఇల్లు, బాపు లేని పిల్లవు. సంబంధం చేజారుతుందని నోరు మూసుకున్నాను. నీ మెడలో పసుపుతాడు పడింది నా చేతకానితనం వల్ల.

ఇప్పుడు కూడా సిగ్గు విడిచి రాస్తున్నాను. ఆ కవరు పంపించెయ్. ఆమెకు దవాఖానలో అన్నం దొరుకుతుంది. నీకూ పద్మజకూ ఎవరు పెడతారు? ఆ డబ్బు ఆమె చేతికి వెళితే నీకు దమ్మిడీ రాదు, అడిగే హక్కూ తేలేసరికి ఏళ్ళు పడుతుంది. ఆమెకు ఈ పాలసీ సంగతి తెలుసో లేదో. అక్కడికి వెళ్ళకు. నా మాట విను.

నీ అన్న,
మురళీధర్


షాలిబండ,
11 జనవరి 1954

ప్రియమైన అన్నకు,

నీ మాట వినలేదు. కోపం తెచ్చుకో, తర్వాత పోగొట్టుకో.

ఇందులో కొత్త ఫారం ఉంది. నేను సంతకం పెట్టింది చింపి పొయ్యిలో వేశాను. నువ్వు రాసిన హక్కులూ కోర్టులూ అన్నీ అర్థమయ్యాయి. పిల్ల ఆకలి కూడా నాకు తెలుసు. కానీ ఆ సంతకంతో ఆమెను నేను నా చేత్తో చంపినట్టవుతుంది. మా అత్తగారు మాటతో పంపించారు, నేను కాగితంతో చంపాలి. ఆ అన్నం పద్మజకు పెట్టలేను. లలితమ్మ ఇంట్లో కుట్టుమిషను ఉంది, రవికలు కుట్టడం మొదలుపెట్టాను. వాడకట్టు వాళ్ళు ఏమంటారో చూద్దాం. అహల్య వచ్చే సోమవారం వస్తోంది. నిన్న ఆ గది తాళం పగలగొట్టించి ఊడ్చాను. ఒక విసుర్రాయి తప్ప ఏమీ లేదు.

జరిగింది చెప్తాను. ఈ నెల మొదటి ఆదివారం పొద్దుటి రైలుకు అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్ళాను. "నేను రాను, నేను రాను" అంటూనే వచ్చి కిటికీ పక్కన కూర్చుంది. దవాఖాన గేటు దగ్గర మాత్రం చతికిలపడింది. నేను పిల్లను చంకనేసుకుని లోపలికి వెళ్ళాను. కూరగాయల మడుల్లో ఒకామె వంగి కలుపు తీస్తోంది. పొడుగు మనిషి, నా కంటే పెద్ద చేతులు, వాటికి ఆకుపచ్చ గాజులు. నన్ను చూసి లేచింది. నా ముఖం చూసింది, నుదురు చూసింది. బొట్టు లేదు. ఆమె రాయి మీద చేతులు పెట్టి గాజులు ఒక్కొక్కటీ పగలగొట్టుకుంది.

ఆ ముక్కలు పక్కకు తోసి "నువ్వేనా అహల్యవు?" అంది.

"అవును" అన్నాను. రెండున్నరేళ్ళ అలవాటు.

ఆమెకు పాలసీ సంగతి తెలుసు. తీసుకున్ననాడే ఆయన చెప్పాడట. "పేరు ఇయ్యమని ఆయన అడిగితే ఇచ్చిన. నువ్వొస్తున్నవని గూడ నాకు చెప్పే చేస్కున్నడు. పైసలు గూడ నువ్వే తీస్కో. నేను పోయినదాన్నే గద" అంది. కొంచెం కూడా ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. అది ఉంటే నేను తట్టుకునేదాన్ని.

డాక్టరమ్మ ఏం చెప్పిందో తెలుసా? ఆమెకు నయమై రెండేళ్ళు దాటింది. కాగితం రాసి పెట్టుకుంది. ఆయన వచ్చినప్పుడల్లా వచ్చే నెల తీసుకెళ్తాననేవాడు. మంచివాడే అన్నా. కానీ మంచితనంతో ఇద్దరినీ చెరొక గదిలో పెట్టాడు. ఆ మాట అనుకుంటే ఏడుపూ వస్తుంది, కోపమూ వస్తుంది.

ఫారం మీద ఆమె వేళ్ళకు కలం నిలవలేదు. ఆ కార్డు కూడా ఇంకెవరి చేతో రాయించిందట. వేలిముద్ర వేయించాం. చూడు, మూడుసార్లు వేస్తే మూడుసార్లూ సిరా మచ్చే పడింది. గీతలు అరిగిపోయాయి. ఆమె అహల్య అని ఆమె వేలు కూడా చెప్పలేదు. నేను మాత్రం రేషన్ కార్డు చూపించి నిమిషంలో అహల్యను కాగలను. "ఇంటివాళ్ళు ఎవరైనా గుర్తుపట్టి చెప్పాలి, నేను దాని కింద రాసిస్తాను" అంది డాక్టరమ్మ.

నేను గేటు దగ్గరికి పోయి అత్తగారిని లేపాను. ఏమీ బతిమాలలేదు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. అహల్య కాళ్ళకు దండం పెట్టబోతే ముసలామె కాళ్ళు వెనక్కి తీసుకుంది. అహల్య నొచ్చుకోలేదు. దూరంగానే నిలబడి "అత్తమ్మా, దవడ పన్ను తీపిచ్చుకున్నరా? మెత్తగ వండుతున్నదా చెల్లె?" అని అడిగింది. అంతే. ఇన్నేళ్ళుగా బిగబట్టుకున్న మనిషి "నా బిడ్డా" అని ఆమె రెండు చేతులూ పట్టేసుకుంది. ఆ వేళ్ళనే పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పద్మజ కూడా ఎందుకో తెలియక మాతో కలిసింది.

డాక్టరమ్మ కాగితం ముందు పెట్టుకుని "ఈమె ఎవరు?" అని అడిగింది.

"మా కోడలు. అహల్య" అంది అత్తగారు. గట్టిగా, నలుగురికీ వినబడేలా చెప్పింది.

డాక్టరమ్మ నా వైపు చూపించి "మరి ఈమె?" అంది.

అత్తగారు నోరు తెరిచింది. నన్ను చూసింది. మళ్ళీ చూసింది. పెదవులు కదులుతున్నాయి గాని మాట రావడం లేదు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర ఇన్నాళ్ళు ఉన్నాం అన్నా. ఆమెకు నా పేరు తెలియదు.

నేనే చెప్పాను. సాక్షి చోట నేనే రాశాను.

నీ చెల్లె,
గోదా